పెద్ద గ్రహశకలాల ఆకారం, ఉపరితలం టెలిస్కోప్‌తో ఎలా తెలుస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆకాశం చూపించడానికి టెలిస్కోప్ తీసుకుని వెళ్ళిన ప్రతిచోటా గ్రహశకలాల గురించి అవే ప్రశ్నలు ఎదురవుతాయి. "చుక్కలా కనిపించేదాని ఆకారం మీకెలా తెలిసిందండీ?" అన్నది వాటిలో మొదటిది. నిలబడి జవాబు చెబుతుంటే వెనక లైన్లో ఉన్న పిల్లలు తొందరపడతారు, మాట సగంలో ఆగిపోతుంది. అందుకే అన్నీ ఇక్కడ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా సరిపోతుంది, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఇక్కడ చెప్పేదంతా అంగారకుడికీ గురు గ్రహానికీ మధ్య ఉన్న పట్టీలో సూర్యుడి చుట్టూ తిరిగే పెద్ద రాళ్ళ గురించే, అంటే పెద్ద గ్రహశకలాల గురించే.

## మొదటి సందేహాలు

చుక్కలా కనిపించేదాని ఆకారం ఎలా చెబుతారు?

నాలుగు దారులున్నాయి. శకలం తన చుట్టూ తాను తిరుగుతుంటే దాని వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, దాన్ని కొలవడం ఒకటి. అది ఏదైనా నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు ఆ నక్షత్రం ఎంతసేపు మాయమైందో చూడటం రెండోది. చాలా పెద్ద టెలిస్కోప్‌తో నేరుగా ఫొటో తీయడం మూడోది. రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని చదవడం నాలుగోది. వీటిలో ఏ ఒక్కటీ పూర్తి ఆకారం ఇవ్వదు. ఒకరినొకరు ఎరగని నలుగురు సాక్షులు ఒకే మాట చెబితే మనం ఎలా నమ్ముతామో, ఇక్కడా అంతే. నాలుగు దారుల కొలతలకూ ఒకేసారి సరిపోయే ఆకారం కోసం వెతుకుతారు.

"పెద్ద" గ్రహశకలం అంటే ఎంత పెద్దది?

మామూలుగా 100 కిలోమీటర్లు, అంతకు మించి వ్యాసం ఉన్నవాటిని పెద్దవి అంటారు. అలాంటివి 200కు పైగా ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది సెరెస్, సుమారు 940 కి.మీ. 2006 నుంచి దాన్ని మరుగుజ్జు గ్రహంగా కూడా లెక్కిస్తున్నారు. తర్వాత వెస్టా (సుమారు 525), పల్లాస్ (సుమారు 510), హైజియా (430 పైచిలుకు). గ్రహశకలాల పట్టీలో ఉన్న మొత్తం బరువులో దాదాపు మూడో వంతు ఒక్క సెరెస్‌దే.

మా ఇంటి టెలిస్కోప్‌లో వెస్టా గుండ్రంగా కనిపిస్తుందా?

కనిపించదు. వెస్టా మనకు బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా దాని వెడల్పు ఆకాశంలో 0.64 ఆర్క్ సెకన్లే (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). గోల్కొండ కోట మీద నిలబడి, చార్మినార్ దగ్గర ఎవరో పట్టుకున్న పది రూపాయల బిళ్ళను చూస్తే అది ఎంత ఉంటుందో దాదాపు అంత. 8 అంగుళాల టెలిస్కోప్ సిద్ధాంతం ప్రకారం విడదీయగలిగేదే 0.6 ఆర్క్ సెకన్ల దాకా. దాని మీద మన గాలి కదలిక మరో ఆర్క్ సెకను మసక పూస్తుంది. ఇక మిగిలేది చుక్కే.

అయినా చూడండి, తప్పక చూడండి. నేను మొదటిసారి వెస్టాను పట్టుకున్నది రెండు రాత్రుల నోట్‌బుక్ బొమ్మలతో. మొదటి రోజు చుట్టుపక్కల ఉన్న చుక్కలన్నీ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. రెండు రోజుల తర్వాత అదే చోట మళ్ళీ గీస్తే ఒక చుక్క పక్కకు జరిగి ఉంది. 1801 జనవరి 1న ఇటలీలోని పలెర్మోలో జుసెప్పె పియాజ్జి సెరెస్‌ను పట్టుకున్నదీ ఇలాగే, చుక్క జరగడం చూసే.

## వెలుగు కొలిచే దశ

వెలుగు హెచ్చుతగ్గులతో ఆకారం ఎలా తెలుస్తుంది?

ఇంట్లో చేసి చూడొచ్చు. పొడుగాటి బంగాళాదుంపను పుల్లకు గుచ్చి, గది చీకటి చేసి, మీ భుజం పక్కనుంచి టార్చి వేస్తూ నెమ్మదిగా తిప్పండి. పొడుగు వైపు మీకు ఎదురుగా వచ్చినప్పుడు ఎక్కువ వెలుగు కంటికి చేరుతుంది, మొన వైపు వచ్చినప్పుడు తగ్గుతుంది. ఒక్క చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. గ్రహశకలం వెలుగును గంటల తరబడి కొలిచి ఇలా గీసిన గ్రాఫ్‌ను కాంతివక్రం అంటారు. 1901లోనే ఖగోళవేత్త ఎగాన్ ఫాన్ ఒపోల్జర్ ఈరోస్ అనే శకలం వెలుగు ఇలా మారుతోందని గమనించాడు.

అయితే ఒక్క రాత్రి గ్రాఫ్ చాలదు. దుంపను అడ్డంగా తిప్పితే ఒక గ్రాఫ్, నిలువుగా పట్టుకుని తిప్పితే ఇంకో గ్రాఫ్. మనమూ ఆ శకలమూ సూర్యుడి చుట్టూ తిరుగుతుంటాం కాబట్టి ఒక్కో ఏడాది దాన్ని ఒక్కో కోణంలో చూస్తాం. ఓపిగ్గా కొన్నేళ్ళ గ్రాఫ్‌లు పోగేస్తే అప్పుడు అది ఏ అక్షం మీద తిరుగుతోందో, ఎటు పొడుగో, ఎటు చదునో బయటపడుతుంది.

అలా గ్రాఫ్‌ల నుంచి తీసిన ఆకారం నమ్మదగ్గదేనా?

చాలావరకు నమ్మొచ్చు, కానీ కొన్ని పరిమితులున్నాయి. 1906లో అమెరికా ఖగోళవేత్త హెన్రీ నోరిస్ రస్సెల్ ఈ లెక్కను గణితపరంగా పరిశీలించాడు. శకలం సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున ఉన్నప్పటి కొలతలతో మాత్రమే అయితే ఒకే ఒక్క జవాబు రాదని తేల్చాడు. ఆ మాటతో చాలామంది ఈ దారి వదిలేశారు. దాదాపు వందేళ్ళ తర్వాత, 2001లో, ఫిన్లాండ్ గణితవేత్త మిక్కో కాసలైనెన్ బృందం తిరిగి తలుపు తెరిచింది. వెలుగు పక్కనుంచి పడి నీడలు తేలే కోణాల్లో తీసిన కొలతలను కూడా కలిపితే ఆకారం నిలకడగా వస్తుందని చూపించింది. ఆ పద్ధతితో కట్టిన వేలాది నమూనాలు ఇప్పుడు ప్రాగ్‌లోని చార్ల్స్ విశ్వవిద్యాలయం నిర్వహించే డేటాబేస్‌లో అందరికీ అందుబాటులో ఉన్నాయి.

పరిమితి ఎక్కడంటే, గుంటలు కనిపించవు. ఆ శకలానికి గుడ్డ చుట్టి గట్టిగా లాగి కట్టినట్టు, ఉబ్బెత్తు ఆకారమే వస్తుంది. లోతైన గుంట ఉన్నచోట చదునైన ముఖం కనిపిస్తుంది, అంతే. పైగా చాలాసార్లు అక్షానికి రెండు సమాధానాలు వస్తాయి. రెంటిలో ఏది నిజమో చెప్పడానికి ఫొటో గానీ, నక్షత్రం మరుగు గానీ కావాలి.

నక్షత్రం మరుగు అంటే ఏమిటి? అందులో ఆకారం ఎక్కడుంది?

శకలం ఒక నక్షత్రం ముందుగా వెళ్తే, దాని నీడ భూమి మీద ఒక పట్టీలా పరుగెత్తుతుంది. ఆ పట్టీలో ఉన్నవాళ్ళకు నక్షత్రం చప్పున ఆరిపోయి, కొన్ని సెకన్ల తర్వాత మళ్ళీ చప్పున వెలుగుతుంది. నీడ వేగం మామూలుగా సెకనుకు 10 నుంచి 20 కి.మీ. కాబట్టి పదో వంతు సెకను తేడాతో టైము పట్టగలిగితే, కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న రాయిని ఒకటి రెండు కిలోమీటర్ల ఖచ్చితత్వంతో కొలిచినట్టే. ఇది నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఒక్కరు చూస్తే ఒక్క గీత వస్తుంది. కొన్ని కిలోమీటర్ల ఎడంతో పదిమంది వరుసగా నిలబడి చూస్తే పది గీతలు వస్తాయి, వాటి చివర్లు కలిపితే ఆ క్షణంలో శకలం అంచు బొమ్మ తయారు. 1983 మే 29న పల్లాస్ ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు అమెరికాలో వందమందికి పైగా పరిశీలకులు ఇలా టైము పట్టారు. వాళ్ళలో ఎక్కువమంది మనలాంటి ఔత్సాహికులే. గైయా ఉపగ్రహం నక్షత్రాల స్థానాలు కొలిచిపెట్టాక నీడ ఎక్కడ పడుతుందో ముందే చెప్పడం బాగా తేలికైంది.

## ఫొటో తీసే దశ

భూమి మీద నుంచి తీస్తే ఎందుకంత మసక?

మే నెల మధ్యాహ్నం తారురోడ్డు మీద దూరంగా వచ్చే బస్సు అల్లల్లాడుతూ కనిపిస్తుంది కదా, అదే కారణం. వేడి గాలి, చల్ల గాలి పొరలు కలిసి కాంతిని అటూ ఇటూ వంచుతాయి. మంచి కొండ మీద, మంచి రాత్రి కూడా అర ఆర్క్ సెకను మసక తప్పదు. అద్దం ఎంత పెద్దదైనా ఈ మసక తగ్గదు.

అడాప్టివ్ ఆప్టిక్స్ అంటున్నారు, అది ఏం చేస్తుంది?

గాలి కాంతిని ఎలా వంచిందో కొలిచి, దానికి సరిగ్గా వ్యతిరేకంగా ఒక పలుచని అద్దాన్ని వంచుతుంది. ఆ అద్దం వెనక వెయ్యికి పైగా సన్నని తోపుడు పుల్లల్లాంటి మీటలు ఉంటాయి. కంప్యూటర్ సెకనుకు వెయ్యిసార్లకు పైగా వాటిని సరిచేస్తూ పోతుంది. కొలవడానికి దగ్గర్లో ప్రకాశవంతమైన చుక్క ఒకటి కావాలి. పెద్ద గ్రహశకలాలతో ఉన్న సౌకర్యం ఏమిటంటే అవి తగినంత ప్రకాశంగా ఉంటాయి, కాబట్టి వేరే నక్షత్రం వెతుక్కోనక్కర్లేదు. ఏ శకలాన్ని ఫొటో తీస్తున్నారో దాని వెలుగుతోనే గాలిని సరిచేస్తారు.

ఇప్పటివరకు మంచి ఫొటోలు తీసింది ఏ టెలిస్కోప్?

చిలీ దేశంలో అటకామా ఎడారిలో, 2,635 మీటర్ల ఎత్తున సెర్రో పరనాల్ కొండ మీద వెరీ లార్జ్ టెలిస్కోప్ ఉంది. అందులో 8.2 మీటర్ల అద్దాలున్న నాలుగు పెద్ద టెలిస్కోపులున్నాయి. వాటిలో ఒకదానికి 2014లో స్ఫియర్ అనే పరికరం అమర్చారు. నిజానికి దాన్ని కట్టింది వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను వెతకడానికి. ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ వెర్నజ్జా బృందం అదే పరికరాన్ని 2017 నుంచి 2019 వరకు గ్రహశకలాల వైపు తిప్పింది. 42 శకలాల బొమ్మలను 2021 అక్టోబరులో ఒకేసారి ప్రకటించారు. వాటిలో పెద్దది సెరెస్, చిన్నవి సుమారు 90 కి.మీ. వెడల్పున్న యురేనియా, ఆసోనియా.

ఆ 42 బొమ్మలనూ పక్కపక్కన పేర్చిన చిత్రం చూశారా? ఒకటి బంతిలా, ఒకటి చామదుంపలా, ఒకటి ఎముకలా ఉంటుంది. అప్పటివరకు వాటిలో చాలావాటికి మనకు తెలిసింది ఒక అంకె, ఒక పేరు, ఒక గ్రాఫ్ మాత్రమే.

కంప్యూటర్లో శుభ్రం చేశాక అది ఇంకా నిజమైన ఫొటోయేనా? గుంటలు వాళ్ళే గీసి ఉండొచ్చు కదా?

అడగవలసిన ప్రశ్న ఇది. కెమెరా నుంచి వచ్చిన బొమ్మలో కొంత మసక మిగిలే ఉంటుంది. ఒక చుక్క ఆ పరికరంలో ఎంత మేర చెదురుతుందో తెలుసుకుని, ఆ చెదురును వెనక్కి లెక్కకట్టి తీసేస్తారు. ఈ పనిలో ప్రమాదం లేకపోలేదు. గట్టిగా రుద్దితే శకలం అంచు వెంబడి లేని మెరుపు గీత, దాని లోపలి వైపు లేని నల్ల గీత పుట్టుకొస్తాయి. అందుకే అంచు దగ్గరి మచ్చలను అనుమానంగానే చూస్తారు.

నిజమైన గుంటను పట్టుకునే పరీక్ష తిరుగుడే. శకలం తిరిగేకొద్దీ వేర్వేరు సమయాల్లో వరుసగా ఫొటోలు తీస్తారు. నిజమైన గుంట అయితే శకలంతో పాటే తిరగాలి, వెలుగు దిక్కు మారేకొద్దీ దాని నీడ మారాలి. కంప్యూటర్ పుట్టించిన మచ్చ అయితే ఉన్నచోటే ఉంటుంది.

ఇంతకన్నా గట్టి పరీక్ష 2018లో జరిగింది. డాన్ అంతరిక్షనౌక 2011, 2012లో వెస్టా చుట్టూ తిరిగి అంగుళం అంగుళం ఫొటో తీసి వెళ్ళింది, కాబట్టి నిజం ఏమిటో ముందే తెలుసు. అప్పుడు స్ఫియర్‌తో భూమి మీద నుంచి వెస్టాను తీసి, రెండు బొమ్మలూ పక్కన పెట్టి చూశారు. దక్షిణ ధ్రువం దగ్గరి పెద్ద గుంట, దాని నడిమధ్య లేచిన పర్వతం, 20, 30 కిలోమీటర్ల స్థాయి గుర్తులు సరిపోయాయి. ఆ జంట చిత్రం చూసిన రోజు నా సందేహం తీరిపోయింది.

హబుల్ గాలి పైన ఉంది కదా, మరి కొండ మీది టెలిస్కోప్ ఎందుకు?

హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ అద్దం 2.4 మీటర్లు. గాలి అడ్డు లేకపోయినా అద్దం చిన్నది కాబట్టి విడదీయగలిగే సన్నదనం 0.06 ఆర్క్ సెకను దగ్గర ఆగిపోతుంది. 8.2 మీటర్ల అద్దం గాలి మసకను తీసేయగలిగితే 0.02 దాకా వెళ్తుంది. కొండ మీది టెలిస్కోపులు ఆ పని నేర్చుకునే దాకా హబుల్‌దే పైచేయి, 1990లలో వెస్టా గురించి మొదట నోరు విప్పింది అదే.

రాడార్‌తో పెద్దవాటిని కూడా చూస్తారా?

చూస్తారు, కానీ కష్టం. పంపిన తరంగం పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ పలుచబడుతుంది కాబట్టి దూరం రెట్టింపైతే ప్రతిధ్వని పదహారో వంతుకు పడిపోతుంది. అందుకే రాడార్ భూమి పక్కకు వచ్చే రాళ్ళకు బాగా పనికొస్తుంది. దూరపు పట్టీలో దానికి దక్కిన గొప్ప విజయం క్లియోపాత్రా. అది రెండు చివర్లూ ఉబ్బిన ఎముకలా ఉందని పోర్టోరికోలోని 305 మీటర్ల అరెసిబో డిష్‌తో కనిపెట్టి 2000లో ప్రకటించారు. ఆ డిష్ 2020 డిసెంబరు 1న కూలిపోయింది.

## ఉపరితలం చదివే దశ

వెస్టా మీద పెద్ద గుంట ఉందని అక్కడికి వెళ్ళకముందే తెలుసా?

తెలుసు. 1996లో హబుల్ తీసిన ఫొటోల్లో వెస్టా దక్షిణ ధ్రువం వైపు నరికేసినట్టు కనిపించింది. 460 కి.మీ. వెడల్పున్న గుంట ఉందని 1997లో ప్రకటించారు. వెస్టా మొత్తం వెడల్పే 525 కి.మీ. అన్నది గుర్తుంచుకుంటే ఆ దెబ్బ ఎంతదో అర్థమవుతుంది. 2011లో డాన్ వెళ్ళి చూస్తే అది 500 కి.మీ. వెడల్పు తేలింది, మధ్యలో 20 కి.మీ. ఎత్తున్న పర్వతం ఉంది. దానికి రియాసిల్వియా అని పేరు పెట్టారు.

దూరం నుంచి చూసి అది ఏ రాయో ఎలా చెబుతారు?

శకలం మీద పడి తిరిగొచ్చిన సూర్యకాంతిని రంగులుగా విడదీస్తారు. ఒక్కో ఖనిజం కొన్ని రంగులను మింగేస్తుంది, ఎక్కడెక్కడ కోత పడిందో చూసి ఖనిజాన్ని గుర్తుపడతారు. 1970లో థామస్ మెకార్డ్ బృందం వెస్టా కాంతిలో పైరాక్సీన్ అనే ఖనిజం గుర్తు చూసింది. అది లావా గడ్డకట్టిన రాయిలో ఉండేది. అంటే వెస్టా ఒకప్పుడు లోపల కరిగి, పైకి పొంగింది.

ఈ కథలో మన నేల మీద దొరికిన ముక్క కూడా ఉంది. 1996 జూన్‌లో రాజస్థాన్‌లోని పిప్లియా కలాన్ దగ్గర పడిన ఉల్కారాయి యూక్రైట్ అనే జాతిది. యూక్రైట్లు వెస్టా నుంచి రాలిన ముక్కలని శాస్త్రవేత్తలు భావిస్తారు, ఎందుకంటే రెండింటి కాంతి ముద్రలూ ఒకటే. దక్కన్ పీఠభూమి నల్లరాయి కూడా బసాల్టే, యూక్రైటూ బసాల్ట్ జాతిదే. వికారాబాద్ వైపు రోడ్డు పక్కన నల్లరాయి తట్టు కనిపించినప్పుడల్లా నాకు వెస్టా గుర్తొస్తుంది.

పల్లాస్‌ను గోల్ఫ్ బంతి అని ఎందుకంటారు?

ఒళ్ళంతా గుంటలే కాబట్టి. 2020లో వచ్చిన స్ఫియర్ బొమ్మల్లో 30 కి.మీ.కు మించిన గుంటలు 36 లెక్క తేలాయి. కారణం దాని దారి. మిగతా శకలాలు దాదాపు ఒకే తలంలో తిరుగుతుంటే పల్లాస్ దారి సుమారు 35 డిగ్రీలు వాలి ఉంటుంది. అందరూ ఒకే దిక్కున నడిచే తిరునాళ్ళలో ఒకడు అడ్డంగా పరుగెత్తితే ఎన్ని దెబ్బలు తగులుతాయో ఊహించండి. పల్లాస్‌కు తగిలే దెబ్బల వేగం మామూలు కన్నా దాదాపు రెట్టింపు.

హైజియా విషయంలో ఏదో తప్పు దిద్దారని విన్నాను, ఏమిటది?

రెండు ఆశ్చర్యాలు ఒకేసారి వచ్చాయి. హైజియా పాతకాలంలో పెద్ద దెబ్బ తిని పగిలిందని అందరికీ తెలుసు, ఎందుకంటే దాని నుంచి విడిపోయిన ముక్కలు దాదాపు 7,000 అదే దారిలో తిరుగుతున్నాయి. కాబట్టి వెస్టాలాగా పెద్ద గుంట ఉంటుందని ఎదురుచూశారు. 2019లో ఫొటోలు వస్తే గుంట లేదు. నున్నటి బంతి! సుమారు 200 కోట్ల ఏళ్ళ కిందట 75 నుంచి 150 కి.మీ. వెడల్పున్న రాయి గుద్దితే మొత్తం పిండి అయిపోయి, ఆ పొడి మళ్ళీ ఒకచోట చేరి గుండ్రంగా సర్దుకుందని కంప్యూటర్ లెక్కలు చెప్పాయి.

రెండోది, తిరిగే సమయం. అప్పటివరకు దాని రోజు 27.6 గంటలని పుస్తకాల్లో ఉండేది. పొడుగు శకలం ఒక చుట్టులో రెండుసార్లు వెలుగుతుంది కాబట్టి రెండు వెలుగులను కలిపి ఒక చుట్టుగా లెక్కపెట్టారు. కానీ గుండ్రని బంతికి ఆ లెక్క వర్తించదు, దాని మీద ఒక పక్క కాస్త తెల్లగా ఉంటే ఒక చుట్టుకు ఒక్కసారే వెలుగుతుంది. ఫొటోల్లో మచ్చలు తిరగడం చూశాక తేలింది, దాని రోజు 13.8 గంటలే. ఆకారం తప్పుగా ఊహించుకుంటే గడియారం కూడా తప్పుతుందన్నమాట.

సెరెస్ మీది తెల్ల మచ్చలు టెలిస్కోప్‌లో కనిపించాయా?

2003, 2004లో హబుల్ తీసిన బొమ్మల్లో ఒక మెరుపు చుక్క ఉంది, అది ఏమిటో మాత్రం తెలియలేదు. 2015లో డాన్ చేరాక ఆక్కేటర్ అనే 92 కి.మీ. గుంటలో ఉప్పు పేరుకున్న మచ్చలని తేలింది, ముఖ్యంగా సోడియం కార్బొనేట్. మన చాకలి సోడా కూడా అదే.

## ఆకారం తెలిశాక

ఆకారం తెలిస్తే ఏమిటి ఉపయోగం?

ఆకారం తెలిస్తే ఘనపరిమాణం తెలుస్తుంది. బరువు కూడా తెలిస్తే సాంద్రత వస్తుంది. సాంద్రత ఒక్కటే దాని కడుపులో ఏముందో చెప్పే మాట. బరువు ఎలా అంటే, శకలానికి చంద్రుడు ఉంటే ఆ చంద్రుడు తిరిగే దూరం, సమయం నుంచి లెక్క కట్టేస్తారు. వ్యాసంలో 10 శాతం తప్పు వస్తే సాంద్రతలో 30 శాతం తప్పు వస్తుంది, అందుకే ఆకారం కోసం ఇంత తాపత్రయం.

స్ఫియర్ ఫొటో తీసిన 42 శకలాల్లో సిల్వియా, లాంబెర్టా లాంటివి ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాముల దగ్గర ఉన్నాయి, బొగ్గంత తేలిక. సైకీ 3.9, కలియోపి 4.4, వజ్రం కన్నా బరువు. ఇంత తేడా ఉన్నవి ఒకేచోట పుట్టి ఉండవు. తేలికవాటిలో కొన్ని నెప్ట్యూన్ అవతల పుట్టి ఇక్కడికి వలస వచ్చాయని పరిశోధకుల అంచనా.

క్లియోపాత్రా ఎముక ఆకారంలో ఎలా నిలిచి ఉంది? విరిగిపోదా?

అది 270 కి.మీ. పొడుగు, 5.4 గంటలకో చుట్టు. 2021లో స్ఫియర్ బొమ్మలతో ఆకారం సరిచేశాక, దాని రెండు చంద్రుల దారులు కూడా సరిచేశారు. అప్పుడు బరువు మునుపు అనుకున్న దానికన్నా 35 శాతం తక్కువని వచ్చింది. అంత పెద్ద లోహపు రాయి అనుకున్నది లోపల ఖాళీలున్న రాళ్ళ కుప్ప కావచ్చు. విడిపోయే హద్దుకు దగ్గరి వేగంతో తిరుగుతోంది కాబట్టి, చిన్న దెబ్బకే పైనున్న రాళ్ళు లేచి వెళ్ళి ఆ ఇద్దరు చంద్రులూ పుట్టి ఉంటారని చెబుతున్నారు.

ఇవి భూమిని ఢీకొంటాయా?

ఇక్కడ చెప్పిన పెద్ద శకలాలన్నీ అంగారకుడి అవతల స్థిరమైన దారుల్లో ఉన్నాయి. టెన్షన్ అక్కర్లేదు.

## మన వైపు నుంచి

ఈ పనిలో మన దేశానికి పాత్ర ఉందా?

ఉంది, అదీ చాలా పాతది. కోస్తా జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, మద్రాసు వేధశాలలో నార్మన్ పాగ్సన్ 1861లో ఒక శకలాన్ని కనిపెట్టి ఆసియా అని పేరు పెట్టాడు. 1866లో సిల్వియా, 1868లో కెమిల్లా కూడా ఆయన మద్రాసు నుంచే పట్టుకున్నాడు. ఆ సిల్వియాకే 2005లో రెండో చంద్రుడు దొరికి, రెండు చంద్రులున్న మొదటి గ్రహశకలం అయింది. కెమిల్లాకూ ఇద్దరు చంద్రులు. మద్రాసులో చుక్కగా చూసినవి ఇప్పుడు గుంటలతో సహా కనిపిస్తున్నాయి. తర్వాత 1988లో తమిళనాడులోని కావలూరు వేధశాల నుంచి రాజమోహన్ కనిపెట్టిన శకలానికి గణితవేత్త రామానుజన్ పేరు పెట్టారు.

నా దగ్గర చిన్న టెలిస్కోప్ ఉంది. నేను నిజంగా ఏమైనా చేయగలనా?

చేయగలరు. 8 అంగుళాల టెలిస్కోప్, ఒక మామూలు ఖగోళ కెమెరా, ఓపిక ఉంటే కాంతివక్రం కొలవొచ్చు. పక్కనున్న నక్షత్రాలతో పోల్చి వెలుగు కొలుస్తారు కాబట్టి ఊరి లైట్లు అంతగా పాడుచేయవు. మొదట 11, 12 ప్రకాశ స్థాయి ఉన్న, ఆరేడు గంటల్లో తిరిగే శకలం ఎంచుకోండి, ఒక చలికాలపు రాత్రిలో పూర్తి చుట్టు దొరుకుతుంది. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే, ఆ నెలలు పాత కొలతలు సరిచూసుకోవడానికి వాడుకోండి.

నక్షత్రం మరుగు అయితే ఇంకా చిన్న సాధనంతోనూ కుదురుతుంది, జీపీఎస్ టైము మాత్రం తప్పనిసరి. ఫోన్ గడియారం చాలదు. "నా ఊళ్ళో నక్షత్రం ఆరలేదు" అన్న కబురు కూడా కొలతే, ఆకారం అంచు అక్కడికి రాలేదని అది చెబుతుంది. అలాంటివాటిని పారేయకండి.

ఇప్పుడు చెబుతున్న ఆకారాలు రేపు తప్పని తేలొచ్చా?

కొంత తేలొచ్చు, ఎక్కడ తేలుతుందో కూడా చెప్పొచ్చు. 2010 జులై 10న రోసెట్టా నౌక లుటీషియా పక్కగా వెళ్ళింది. అంతకు ముందే టెలిస్కోపులతో దాని కొలతలు 124, 101, 93 కి.మీ. అని వేశారు. నౌక చూస్తే 121, 101, 75. రెండు కొలతలు దాదాపు సరిగ్గా వచ్చాయి. మూడోదాంట్లో తేడా వచ్చింది, ఎందుకంటే భూమి నుంచి ఆ శకలాన్ని ఎక్కువగా ధ్రువం వైపు నుంచే చూశారు. తల మీద నుంచి చూసి మనిషి ఎత్తు చెప్పమంటే వచ్చే ఇబ్బందే అది. ఆ కొలతలో సందేహం ఎక్కువ ఉందని వాళ్ళు ముందే రాసుకున్నారు కూడా.

ఇప్పుడు నేను ఎదురుచూస్తున్నది సైకీ కోసం. టెలిస్కోపులు కట్టిన దాని నమూనాలో సుమారు 220 కి.మీ. సగటు వెడల్పు, 4 గంటల 12 నిమిషాల రోజు, గుంటల్లాంటి పల్లాలు ఉన్నాయి. దాని పేరే పెట్టుకున్న నౌక 2023 అక్టోబరు 13న బయల్దేరింది, 2029లో అక్కడికి చేరాలి.